ఎండాకాలంలో మూగజీవాలు – కట్టేసిన చేతిదే బాధ్యత

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అంటారు. రాతి రోలుకే అంతటి పరీక్ష ఎదురైనప్పుడు రక్తమాంసాలున్న ప్రాణి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఎండ ముదిరేసరికి మనం తలుపులు దగ్గరగా వేసుకుంటాము, పంకా కిందికి చేరుతాము, కుండలోని చల్లని నీళ్లు తాగుతాము. మన ఆవరణలోనే ఉన్న మేకకు, గూటిలోని కోడికి, పంజరంలోని పక్షికి ఆ వీలు లేదు. దాహం వేస్తోందని అవి నోరు తెరిచి చెప్పలేవు. చెప్పినా వినిపించుకునే తీరిక మనకు ఉంటుందో లేదో!

ఈ మాట ఎవరినో ఎత్తిపొడవడానికి రాయడం లేదు. మా చేతుల మీదుగానే ఒక మూగజీవి ఎండకు బలైపోయింది. ఆ సంగతిని దాచుకుని పాఠకులకు హితవు చెప్పడం న్యాయం కాదు గనుక ముందుగా దానినే విన్నవించుకుంటున్నాము.

కొన్నేళ్ల క్రితం బక్రీదు పండుగ జూన్ నెలలో వచ్చింది. రాయలసీమలోని మా పట్టణంలో ఆ రోజుల్లో పగటి ఎండ 43, 44 డిగ్రీలు. పండుగకు పదిహేను రోజుల ముందు సంతలో ఒక పొట్టేలును కొన్నాము. మేముండే అద్దె ఇంటికి వాకిలి లేదు. అందువల్ల దానిని మదరసా ఆవరణలోని వేపచెట్టుకు కట్టాము. పిల్లలను పొడుస్తుందేమోనన్న భయంతో తాడును పొట్టిగా వేశాము. ఉదయం చెట్టు నీడ పడమటి వైపు పరచుకుని ఉండగా ఆ నీడలోనే కట్టాము, ముందొక బక్కెట్టు నీళ్లు పెట్టాము. మా కర్తవ్యం తీరిపోయిందని అనుకున్నాము.

సూర్యుడు నడినెత్తి దాటితే నీడ తూర్పుకు తిరుగుతుంది. ఇది తెలియనివారు ఎవరు? తెలిసి కూడా మేము ఆలోచించలేదు. జుహర్ నమాజు తరువాత అరబీ వ్యాకరణం పాఠం చెబుతుండగా పదేళ్ల విద్యార్థి ఒకడు లేచి నిలబడ్డాడు. “హజ్రత్, పొట్టేలు నోరు తెరిచి రొప్పుతోంది” అన్నాడు. పాఠం మధ్యలో మాట్లాడినందుకు వాడిని మందలించి, “ముందు పాఠం ముగియనీ” అని కూర్చోబెట్టాము. పాఠం ముగియడానికి మరో పది నిమిషాలు పట్టి ఉంటుంది. బయటకు వచ్చి చూసేసరికి నీళ్ల బక్కెట్టు దొర్లిపోయి ఉంది. నీడ చెట్టుకు ఆవలి వైపున ఉంది. పొట్టేలు కాళ్లు చాపి పడిపోయి ఉంది. కంగారులో చెంబుతో దాని నోట్లో నీళ్లు పోశాము. అదీ తప్పేనని పశువైద్యుడు తరువాత చెప్పారు. అసర్ అజాన్ వినిపించకముందే దాని ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం అదే పిల్లవాడు మా దగ్గరకు వచ్చి, “హజ్రత్, ఇది ఖుర్బానీ కింద జమ అవుతుందా?” అని అడిగాడు. కాదని చెప్పాము. ఖుర్బానీ కోసం కొన్న పశువు పండుగకు ముందే చనిపోతే స్తోమత గలవారు మరొక దానిని తెచ్చి విధి నెరవేర్చాలని మన హనఫీ ఫిఖహ్ చెబుతుంది. ఆ ప్రకారమే మరొక పొట్టేలును తెచ్చి విధి తీర్చుకున్నాము. అయితే మొదటి పొట్టేలు లెక్క అలాగే మిగిలిపోయింది. అది రోగంతో పోలేదు, ముసలితనంతో పోలేదు. మేము కట్టిన తాడు రెండు బారల పొడవు ఉండి ఉంటే అది తనంతట తానే నీడలోకి జరిగి బతికేది.

కట్టేయడమంటే పూచీ పడటమే

అడవిలో తిరిగే జంతువు మధ్యాహ్నం పొదల చాటుకు పోతుంది, వాగు వెతుక్కుంటుంది. మనం మెడకు తాడు వేసిన క్షణాన, గూటి తలుపు గడియ పెట్టిన క్షణాన దానికి ఆ దారి మూసుకుపోతుంది. అంతవరకు దాని కాళ్లు చేసిన పని ఇకమీదట మన చేతులు చేయాలి. నీడ, నీరు, గాలి ఇక మనం దానికి పెట్టే దయాభిక్ష కావు. మనం తీర్చవలసిన అప్పు.

ఒక స్త్రీ పిల్లిని బంధించి దానికి తిండి పెట్టకుండా, తనంతట తాను తిండి వెతుక్కోవడానికి వదలకుండా చంపివేసి నరకానికి పాత్రురాలైందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలియజేసిన హదీసు మన ఇళ్లలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ అది ఉంది. ఆ హదీసులో ఆ స్త్రీ పిల్లిని కొట్టిందని గాని, కోసిందని గాని లేదు. కట్టేసింది, పట్టించుకోలేదు. ఆమె నేరం అంతే. మా పొట్టేలు చనిపోయిన రాత్రి ఈ సంగతి మాకు నిద్ర పట్టనివ్వలేదు.

దీనికి ఎదురుగా మరొక హదీసు ఉంది. ఎండలో దాహంతో తల్లడిల్లి తడిమట్టిని నాకుతున్న కుక్కను ఒక బాటసారి చూశాడు. తాను అనుభవించిన దాహమే దీనికీ కలిగిందని తలచి బావిలోకి దిగాడు, తన తోలు మేజోడులో నీళ్లు నింపాడు, దానిని పళ్లతో పట్టుకుని పైకి వచ్చి కుక్కకు తాగించాడు. అల్లాహ్ అతని పాపాలు మన్నించాడు. పశువుల విషయంలో కూడా మాకు పుణ్యం ఉంటుందా అని సహాబాలు ఆశ్చర్యంతో అడిగినప్పుడు, ప్రాణమున్న ప్రతి జీవి పట్ల చేసిన మేలుకు పుణ్యం ఉంటుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఒక పిల్లి కారణంగా నరకం, ఒక కుక్క కారణంగా మన్నింపు! రెండింటికీ నడుమ ఉన్నది గుక్కెడు నీళ్లు.

మదీనాలో ఒక అన్సారీ తోటలోని ఒంటె దైవప్రవక్త (స) ను చూసి కన్నీరు కార్చిన ఉదంతం అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఆయన దాని చెవుల వెనుక నిమిరి, యజమానిని పిలిపించి, అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ పశువు విషయంలో దైవభీతి లేదా అని నిలదీశారు. దానిని పస్తు పెడుతున్నావని, అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది మొరపెట్టుకుందని తెలిపారు. నేలపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్‌ఆమ్ సూరా 38వ వాక్యం మనకు గుర్తు చేస్తున్నది. కాబట్టి ఈ విషయాన్ని కేవలం పశువైద్యానికి చెందినదిగా భావించరాదు. ఇది మన దీన్‌లో భాగమే.

వాటికి మనలా చెమట పట్టదు

ఎండలో మన శరీరమంతా చెమట పోస్తుంది. ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. అల్లాహ్ మనకిచ్చిన ఈ ఏర్పాటు అన్ని ప్రాణులకూ ఒకేలా లేదు. పిల్లికి, కుక్కకు ముఖ్యంగా అరికాళ్ల మెత్తలలోనే చెమట పడుతుంది. కోడికి, ఇతర పక్షులకు చెమట గ్రంథులే లేవు. మేకలు, గొర్రెలు కొంత చెమటోడ్చినా, ఎక్కువ వేడిని ఊపిరి ద్వారానే బయటికి పంపుతాయి. కుందేలు తన పొడవాటి చెవుల ద్వారా వేడిని వదులుతుంది.

అంటే ఈ ప్రాణులలో చాలావాటికి వేగంగా ఊపిరి తీయడమే ముఖ్యమైన ఆధారం. ఆ ఊపిరితో పాటు ఒంటిలోని నీరు కూడా పోతుంది. తాగడానికి నీరు లేకపోయినా, చుట్టూ గాలి ఆడకపోయినా ఆ ఏర్పాటు కుప్పకూలుతుంది. మచిలీపట్నం, నెల్లూరు వంటి తీరప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఊపిరితో పోయే తేమ సరిగా ఆరదు. అక్కడ ఎండ 38 డిగ్రీలే ఉన్నా పశువు పడే బాధ తక్కువేమీ కాదు. అటువంటి చోట తడిగోనెల కంటే గాలి ఆడేలా చూడటం ముఖ్యం. రాయలసీమ, తెలంగాణ పొడి ఎండలలో తడిగోనె చక్కగా పనిచేస్తుంది.

మేక గాని, గొర్రె గాని విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. దాని డొక్క ఎన్నిసార్లు ఎగసిపడుతున్నదో గడియారం చూస్తూ ఒక్క నిమిషం లెక్కించండి. 60 దాటితే అది ఎండకు ఇబ్బంది పడుతున్నట్టు. 80 దాటితే ఇక ఆలస్యం చేయరాదు. ఈ లెక్కకు డాక్టరు అవసరం లేదు. పదేళ్ల పిల్లవాడు చాలు. మా మదరసాలో ఆనాడు ఆ పిల్లవాడు చూడగలిగినదానిని మేము చూడలేకపోయాము.

బక్రీదు పశువుల విషయంలో మరింత శ్రద్ధ

చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల పండుగ ఏటేటా ముందుకు జరుగుతుంటుంది. లెక్క ప్రకారం బక్రీదు 2026లో మే నెలాఖరున, 2027లో మే నడుమ, 2028లో మే ఆరంభాన, 2029, 2030 సంవత్సరాలలో ఏప్రిల్ నెలలో వస్తుంది. నెలవంక దర్శనాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. అంటే ఖుర్బానీ పశువులను నడివేసవిలోనే కొని, నడివేసవిలోనే ఇంట్లో ఉంచుకోవలసిన ఏళ్లు ముందున్నాయి.

సంత నుంచి తెచ్చేటప్పుడు తెల్లవారుజామున గాని, చీకటి పడ్డాక గాని తేవాలి. కాళ్లు కట్టి ఆటోలో ఒకదానిపై ఒకటి పడవేయడం, మోటారు సైకిలుపై అడ్డంగా వేసుకుని రావడం మనం ఏటా చూస్తున్న దృశ్యాలే. అల్లాహ్ కోసం సమర్పించబోయే పశువును అల్లాహ్‌కు నచ్చని రీతిలో తీసుకురావడం ఎలా సమంజసమవుతుంది? జబహ్ సమయంలో సైతం కత్తికి పదును పెట్టి పశువుకు బాధ తగ్గించాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. చివరి క్షణంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, దానికి ముందున్న పదిహేను రోజులలో అక్కరలేదా?

ఇంటికి చేరగానే ముందు నీడలో నిలిపి కాసేపు అలసట తీరనివ్వండి. ఆపైన నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. నీటిలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపితే మంచిది. ఎండాకాలంలో ఎదిగిన పొట్టేలు గాని, మేక గాని రోజుకు ఐదారు లీటర్లు, ఎండుమేత తింటే అంతకు పైగా తాగుతుంది. బక్కెట్టును ఇటుకల మధ్య దొర్లిపోకుండా పెట్టండి.

కట్టేటప్పుడు ఉదయం ఉన్న నీడను కాదు, మధ్యాహ్నం మూడు గంటలకు ఉండబోయే నీడను చూసి కట్టండి. రేకుల కప్పు ఉన్న పాక నీడలా కనిపిస్తుంది గాని లోపల పొయ్యిలా కాగుతుంది. కప్పుపై తాటాకులు గాని, వరిగడ్డి గాని పరచండి. కనీసం తెల్లసున్నం వేయండి. మా సీమలో నాపరాళ్లు పరచిన వాకిళ్లు కూడా అంతే. సాయంత్రం వరకు పశువు డెక్కలకు, పొట్టకు వేడి తగులుతూనే ఉంటుంది. కింద ఇసుక పోసి తడిపితే బాగుంటుంది.

మేతను పెందలకడనే, మళ్లీ పొద్దు వాలాక వేయండి. తిన్నది అరిగేటప్పుడు ఒంటిలో వేడి పుడుతుంది కనుక నడిమధ్యాహ్నం మేత తగదు. ఇంకొక ముఖ్యమైన మాట. పండుగ పశువు ఇంటికి రాగానే పిల్లలకు పట్టలేని సంబరం. అన్నం, రొట్టెలు, మిగిలిన బిర్యానీ అన్నీ దాని ముందు పెడతారు. అది కూడా ఆశగా తింటుంది. అలవాటు లేని పశువు అన్నం, జొన్నలు ఒక్కసారిగా మెక్కితే కడుపులో పులిసి పొట్ట ఉబ్బుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎండదెబ్బకు ఇది తోడైతే బతకడం కష్టం. పిల్లల ప్రేమను పచ్చగడ్డి, రావి ఆకు, అవిశాకు వైపు మళ్లించండి.

జాతిని కూడా గమనించాలి. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, ఎండను కొంత ఓర్చుకుంటుంది. తెలంగాణ వైపు కనిపించే దక్కని గొర్రెకు ఉన్ని ఉంటుంది. దానిని ఎండలు ముదరకముందే కత్తిరించాలి.

ఎద్దులబండి, గుర్రపుబండి నడిపి బతికే సోదరులకు ఒక మాట. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పశువును బండికి కట్టరాదని 1965 నాటి ప్రభుత్వ నిబంధనలే చెబుతున్నాయి. పశువు కోసం చేసిన ఆ నిబంధన తోలేవారికి సైతం మేలు చేస్తుంది.

కోళ్లు

కోడి ఒంటి వేడి సహజంగానే 41, 42 డిగ్రీలు. అందువల్ల ఎండ 40 దగ్గరకు వచ్చేసరికి వేడిని బయటికి పంపడం దానికి చాలా కష్టమవుతుంది. ముక్కు తెరిచి, రెక్కలను ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడిందంటే అది సాయం కోరుతున్నట్టే. మధ్యాహ్నం కోళ్లను గంప కింద మూసి ఉంచే అలవాటు మన పల్లెలలో ఉంది. ఆ గంపపై ఎండ పడితే లోపలి కోళ్లు ఉడికిపోతాయి. గంప తప్పనిసరైతే చెట్టు కిందనే మూయాలి. గూటికి రెండు వైపులా గాలి ఆడాలి. ఎండ వచ్చే వైపు తడిగోనె వేలాడదీసి, ఎదుటి వైపు తెరిచి ఉంచాలి. అన్ని వైపులా గోనెలు కప్పితే లోపల ఆవిరి నిలిచి మరింత హాని కలుగుతుంది. గింజలను పొద్దున్నే వేసి పది గంటలకల్లా తీసివేయాలి. నీటిని మట్టిమూకుడులో పెట్టి రోజుకు మూడు నాలుగుసార్లు మార్చాలి. ఎండలో కాగిన నీటిని కోడి ముట్టదు. ఆ మూకుడు నిండుగా కనిపిస్తున్నది గదా అని మనం మోసపోతాము.

పిల్లులు

హజ్రత్ అబూ హురైరా (రజి) కు ఆ పేరు వచ్చింది ఆయన వెంట తిరిగే పిల్లి కూన వల్లనే. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం ఉంచిన నీటి కోసం పిల్లి వస్తే పాత్రను వంచి దానికి తాగించారు. ఆశ్చర్యంగా చూస్తున్న కోడలికి, పిల్లి అశుద్ధం కాదని, మన మధ్య తిరుగాడే ప్రాణులలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పిన మాటను వినిపించారు. అందుకే పిల్లులు మన ఇళ్లలో ఆదరణ పొందుతున్నాయి.

కుక్క రొప్పడం సహజం, పిల్లి రొప్పడం సహజం కాదు. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నదంటే ఆపద అని గ్రహించాలి. ఈ మధ్య నగరాలలో పర్షియన్ పిల్లులను పెంచేవారు పెరిగారు. వాటి ముఖం చప్పిడిగా, ముక్కు కురచగా ఉండి ఊపిరి ఆడటమే కష్టం, పైగా ఒంటినిండా దట్టమైన బొచ్చు. చల్లని దేశానికి తగిన ఆ ఒంటితో మన మే నెలను అవి భరించలేవు. రోజూ దువ్వి ఊడిన బొచ్చు తీయాలి. తడిగుడ్డతో పాదాలు, చెవులు తుడవాలి. ఇంట్లో చల్లని గచ్చు ఉన్న గది ఒకటి వాటికి ఎల్లప్పుడూ తెరిచి ఉంచాలి. నీటి గిన్నెను తిండి పక్కన కాక, రెండు మూడు చోట్ల విడిగా పెడితే పిల్లి ఎక్కువ తాగుతుంది.

పెళ్లికో, పయనానికో వెళుతూ ఇంటికి తాళం వేసేముందు పిల్లి ఎక్కడున్నదో కళ్లారా చూడండి. మిద్దెపై గదిలోనో, అలమారాలోనో చిక్కుకుపోతే సాయంత్రానికి బతకదు. ఆగి ఉన్న కారులో ఏ ప్రాణినీ, పిల్లలను సైతం, ఐదు నిమిషాలకని కూడా వదలవద్దు. ఒళ్లు కాలుతున్నది గదా అని మనుషులకు వాడే పారాసిటమాల్ పిల్లికి ఎంతమాత్రం వేయరాదు. అది పిల్లికి విషం.

పంజరంలోని పక్షులు, కుందేళ్లు

హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట గురించి దైవప్రవక్త (స) ఆప్యాయంగా అడిగిన ఉదంతం ప్రసిద్ధం. బాధ పెట్టకుండా, తిండీ నీరూ చూసుకుంటూ పక్షిని పెంచుకోవచ్చునని పండితులు దాని ఆధారంగా చెప్పారు. ఆ షరతు ఎండాకాలంలోనే పరీక్షకు నిలుస్తుంది. ఉదయం చల్లగా ఉన్న వరండా మధ్యాహ్నానికి కాగిపోతుంది. పంజరాన్ని అక్కడే వదిలేస్తే పక్షికి తప్పించుకునే దారి లేదు. కూలరు గాలి నేరుగా తగలకుండా, ఎండ పడని గోడ పక్కకు మార్చండి. వెడల్పాటి మూకుడులో నీళ్లు పెడితే అవే స్నానం చేస్తాయి. మన రామచిలుకను పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

హైదరాబాదు పాతబస్తీలో మిద్దెలపై పావురాలను పెంచడం తరతరాలుగా వస్తున్నది. మిద్దె గూళ్లకు కింద గచ్చు వేడి, పైన రేకు వేడి. వాటిని మధ్యాహ్నం ఎగరవేయరాదు. గూటిపై నీడ, లోపల నీరు తప్పనిసరి.

కుందేలు వీటన్నింటికంటే సుకుమారమైనది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి దాని పక్కన ఉంచితే దానికి ఆనుకుని పడుకుంటుంది.

నమాజు వేళలే గుర్తులు

పొట్టేలు పోయిన తరువాత మేము ఒక పద్ధతి ఏర్పరచుకున్నాము. గడియారం మరచినా నమాజు వేళ మరవము గదా! ఫజ్ర్ తరువాత రాత్రి నీటిని పారబోసి కొత్త నీరు పెట్టి మేత వేయాలి. జుహర్‌కు వెళ్లేముందు నీడ ఎటు తిరుగుతుందో చూసి తాడును, పంజరాన్ని మార్చి, నీరు మళ్లీ నింపాలి. అసర్‌కు ఊపిరి లెక్కించి, గోనెలు తడపాలి. మగ్రిబ్ తరువాత రెండో మేత వేయాలి. ఇషా తరువాత రాత్రికి నీరుందో లేదో చూసి పడుకోవాలి. వుజూ చేయడానికి కుళాయి దగ్గరకు ఎలాగూ వెళతాము. మరో చెంబు నీళ్లు మోయడం బరువు కాదు.

ఎండదెబ్బ తగిలితే

పశువు తూలినా, నోటి నుంచి జొల్లు కారినా, పిలిచినా పలకకపోయినా, చిగుళ్లు ఎర్రగా కందినా ఎండదెబ్బగా భావించండి. వెంటనే నీడకు, గాలికి చేర్చండి. పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు, చెవులు తడిసేలా మామూలు చల్లని నీళ్లు పోస్తూ విసరండి. మిద్దెపై ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు మధ్యాహ్నం మరిగి ఉంటాయి. చేతితో చూసి, బోరు నీళ్లో కుండ నీళ్లో వాడండి. మంచుగడ్డలతో ముంచెత్తవద్దు. తడిగుడ్డ కప్పి అలాగే వదలవద్దు, అది వేడిని లోపలే ఉంచుతుంది. తనంతట తాను తాగితే కొద్దికొద్దిగా నీళ్లు ఇవ్వండి. పడిపోయిన ప్రాణి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తులలోకి పోతాయి. మేము చేసిన తప్పు మీరు చేయకండి. ఒకరు నీళ్లు పోస్తుండగా మరొకరు పశువైద్యుడికి కబురు చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. తేరుకున్నట్టు కనిపించినా ఒకసారి వైద్యుడికి చూపించడమే మంచిది.

గడప బయటి ప్రాణులు

మనం కట్టేయకపోయినా, మన పట్టణాలు వీధి ప్రాణుల చెరువులను, చెట్లను తినేశాయి. కనుక వాటికీ మనపై కొంత హక్కు ఉంది. గుమ్మం బయట ఒక మట్టి తొట్టె, గోడపై ఒక మూకుడు పెట్టండి. మూకుడులో ఒక రాయి ఉంచితే పిట్టలు, ఉడుతలు మునిగిపోకుండా తాగుతాయి. దోమలు పెరగకుండా రోజూ కడగండి. కుక్క మూతి పెట్టిన పాత్ర విషయంలో మన ఇళ్లలో సంకోచం ఉంటుంది, అది సహజమే. బయటి తొట్టెను బయటికే కేటాయిస్తే ఆ చిక్కే లేదు. ఆ తొట్టె నింపే పనిని ఇంట్లోని చిన్నవాళ్లకు అప్పగించండి. వారికి హదీసును నోటికి నేర్పించే ముందు చేతికి నేర్పించినట్టవుతుంది.

ఇప్పుడు మా మదరసాలో నల్లబల్లపై ఒక మూలన నీళ్ల వంతు పట్టిక ఉంటుంది. వారానికి ఇద్దరు విద్యార్థులు. వేపచెట్టు చుట్టూ నీడతో పాటు తిరగగలిగేంత పొడవైన తాడు ఉంది. మరొక నియమం కూడా పెట్టుకున్నాము. ఏ ప్రాణి అయినా కష్టంలో ఉందని ఎవరు చెప్పినా పాఠం అక్కడికక్కడే ఆగిపోవాలి. ఆనాడు మేము మందలించిన పిల్లవాడిని పిలిచి, తరగతి అందరి ఎదుట, “నువ్వు చెప్పింది సరైనది, మేము చేసింది తప్పు” అని ఒప్పుకున్నాము. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. తరువాత మొదటి వంతు తనదేనని తానే వెళ్లి బక్కెట్టు నింపుకుని వచ్చాడు.

మన అధీనంలో ఉన్న ప్రతి ప్రాణి పట్ల మన బాధ్యతను గుర్తెరిగి నడచుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! తెలిసీ తెలియక మన వల్ల జరిగిన పొరపాట్లను ఆయన తన కారుణ్యంతో మన్నించుగాక! ఆమీన్.